మీరడిగారు: ఇనుప పొరలో నత్రజని ఏం చేస్తుంది?

గత సంచికలో ఒక డిగ్రీ విద్యార్థి హార్డ్ డిస్క్ గురించి అడిగితే, మాటల మధ్యలో ఇనుము-నత్రజని పొరల ప్రస్తావన తెచ్చాను. ఇనుములోని గ్రెయిన్లు, అంటే లోహంలో ఉండే చిన్న స్ఫటికాలు, బాగా చిన్నవైతే దాన్ని అయస్కాంతంగా తిప్పడం తేలికవుతుందని ఒక్క వాక్యం రాశాను, అంతే. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే. జుట్టు రాలడం గురించి నాకు రాసిన ఇద్దరి ఉత్తరాలు డాక్టరుగారి పేజీకి పంపేశాను.

ప్రశ్న: నమస్కారం మేడమ్ గారూ. భీమిలి దగ్గర హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. మృదు అయస్కాంతానికీ కఠిన అయస్కాంతానికీ తేడా పిల్లలకు లెక్కలు లేకుండా ఎలా చూపించాలి? మా బీచ్‌లో నల్ల ఇసుక అయస్కాంతానికి అంటుకుంటుంది కదా, అది ఏ కోవలోకి వస్తుంది?

జవాబు: మాస్టారూ, ఒక కుట్టుసూది, ఇళ్లు కట్టేచోట ఊచలకు చుట్టే బైండింగ్ వైరు ముక్క ఒకటి తీసుకోండి. రెండింటినీ అయస్కాంతంతో ఒకే వైపుగా కొన్నిసార్లు రుద్దండి. తర్వాత అయస్కాంతాన్ని దూరంగా పెట్టి, రెండింటినీ ఇనుపరజను దగ్గరికి తీసుకెళ్లండి. సూది రజనును పట్టుకుంటుంది. వైరు చాలావరకు వదిలేస్తుంది. అయస్కాంతత్వాన్ని పట్టుకుని కూర్చునేది కఠినం, క్షేత్రం తీసేయగానే వదిలేసి, చిన్న ఎదురు క్షేత్రానికే దిశ మార్చేసేది మృదువు. ఆ ఎదురు క్షేత్రం ఎంత కావాలో చెప్పే కొలతే కొయెర్సివిటీ. ఒయెర్‌స్టెడ్ అనే యూనిట్‌లో చెబుతారు. మంచి నియోడిమియం అయస్కాంతానికి అది 10,000 దాటుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రేకుకు 1 కన్నా తక్కువ. మనం నిలబడ్డ చోట భూమి క్షేత్రం సుమారు 0.4 అని చెబితే పిల్లలకు ఆ అంకెల మీద పట్టు వస్తుంది.

నల్ల ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్, మాగ్నటైట్ అన్నీ కలిసి ఉంటాయి. చేతి అయస్కాంతానికి గట్టిగా అంటుకునేది మాగ్నటైట్. ఇల్మెనైట్‌ను వేరుచేయాలంటే ఇంకా బలమైన అయస్కాంతం కావాలి. ఇసుక రేణువంత పెద్ద మాగ్నటైట్ మృదువు వైపే ఉంటుంది గానీ, కింద మనం మాట్లాడుకోబోయే పొరల పక్కన పెడితే అది మొండిదే.

ప్రశ్న: మేడమ్, మద్దిలపాలెంలో ఉంటూ ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం స్పట్టరింగ్‌లో (వాయువు అయాన్లతో లోహాన్ని కొట్టి పరమాణువులను రాల్చే పద్ధతి) గాజు పలకల మీద ఇనుప పొరలు వేస్తున్నాం. ఆర్గాన్‌లో నైట్రోజన్ పాలు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే కొయెర్సివిటీ ముందు బాగా తగ్గింది, ఒక స్థాయి దాటాక మళ్లీ పెరిగింది. ఎక్స్-రే గ్రాఫ్‌లో ఇనుము స్ఫటికం చూపే శిఖరం 44.7 డిగ్రీల నుంచి 44.3 దగ్గరికి జరిగి, వెడల్పు 1 డిగ్రీ దాకా వచ్చింది. ఇంకా ముందుకెళితే కొత్త శిఖరాలు వస్తున్నాయి. మా గైడ్ గారు "నైట్రోజన్ ఎఫెక్ట్" అని రాసెయ్యమన్నారు. వైవాలో ఎవరైనా "అంటే ఏంటి" అని అడిగితే ఏం చెప్పాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ ఎందుకమ్మా, నీ దగ్గర ఉన్న రెండు అంకెల్లోనే సగం జవాబు ఉంది. ముందు వెడల్పు సంగతి. శిఖరం వెడల్పు నుంచి గ్రెయిన్ సైజు చెప్పే షెరర్ సూత్రంలో రాగి ఎక్స్-రే తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రామ్, వెడల్పు 1 డిగ్రీ వేసి చూడు. గ్రెయిన్ సైజు సుమారు 9 నానోమీటర్లు వస్తుంది. డిగ్రీని రేడియన్లలోకి మార్చి వెయ్యి, ఏటా సగంమంది అక్కడే పప్పులో కాలేస్తారు. పరికరం తనంతట తాను ఇచ్చే వెడల్పును సిలికాన్ పొడితో కొలిచి తీసేస్తే గ్రెయిన్ ఇంకాస్త పెద్దగా తేలుతుంది. గ్రెయిన్ లోపలి వికృతి కూడా శిఖరాన్ని వెడల్పు చేస్తుంది కాబట్టి ఇది తుది మాట కాదు. అయినా వైవాకు ఇది చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఇనుము స్ఫటికానికి తనకంటూ ఇష్టమైన దిశలు ఉంటాయి. ఘనం అంచుల వెంట అయస్కాంతీకరణ సులువు, కర్ణం వెంట కష్టం. ఒక్కో గ్రెయిన్ ఒక్కో వైపు తిరిగి ఉంటుంది కాబట్టి ప్రతిదీ తన దిశకే లాగుతుంది. అదే సమయంలో పక్కపక్క పరమాణువుల స్పిన్‌లు ఒకే వైపు ఉండాలని ఎక్స్‌ఛేంజ్ అనే బలం పట్టుబడుతుంది. ఈ ఎక్స్‌ఛేంజ్ ఎంత దూరం వరకు పెత్తనం చేస్తుందో ఆ దూరం ఇనుములో కొన్ని పదుల నానోమీటర్లు. గ్రెయిన్ అంతకన్నా పెద్దదైతే దాని మాటే చెల్లుతుంది, అయస్కాంతీకరణ దాని దిశకే తిరుగుతుంది. గ్రెయిన్ అంతకన్నా బాగా చిన్నదైతే ఆ దూరంలో వందల గ్రెయిన్లు ఇరుక్కుంటాయి. జాలరిపేట ఒడ్డున అలివి వల తాడు పట్టుకున్న వాళ్లంతా ఎవరికి తోచిన వైపు వాళ్లు లాగితే వల కదలదు చూడు, అలా ఒకదాని పట్టును ఇంకొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది కొద్దిపాటి పట్టే. అందుకే చిన్న క్షేత్రానికే మొత్తం పొర తిరిగిపోతుంది.

దీన్ని లెక్కగా పెట్టినవాళ్లు 1978లో ఆల్బెన్, బెకర్, చి. వాళ్లు స్ఫటికం లేని లోహాల కోసం రాస్తే, జర్మనీలోని హానావులో గిసెల్హెర్ హెర్జర్ నానో గ్రెయిన్లున్న ఇనుప మిశ్రమాలకు దాన్ని అన్వయించాడు. అతను తేల్చింది ఏమిటంటే, ఈ చిన్న గ్రెయిన్ల ప్రాంతంలో కొయెర్సివిటీ గ్రెయిన్ సైజు ఆరో ఘాతంతో మారుతుంది. అంటే గ్రెయిన్ సగమైతే కొయెర్సివిటీ 64వ వంతుకు పడిపోవాలి. నీ పొరల్లో అచ్చంగా 6 రాలేదని కంగారుపడకు. పొర మందం ఎక్స్‌ఛేంజ్ దూరం కన్నా తక్కువైతే లెక్క మారుతుంది. పొర మొత్తానికి ఒకే దిశలో ప్రేరిత అనిసోట్రోపీ (తయారీలో ఏర్పడిన సులువు దిశ పట్టు) ఉంటే ఘాతం 3 దగ్గరికి వస్తుంది. గ్రాఫ్ మీద గీత గీసి "ఘాతం 6 వచ్చింది" అని రాసిన థీసిస్‌లు కొన్ని చూశాను. నాలుగు బిందువులతో ఏ ఘాతమైనా వస్తుంది.

మరి నైట్రోజన్ గ్రెయిన్‌ను ఎందుకు చిన్నది చేస్తోంది? మామూలు ఇనుములో నైట్రోజన్ కరగదు అన్నంత తక్కువ కరుగుతుంది. 592 డిగ్రీల సెల్సియస్ దగ్గర గరిష్ఠంగా బరువులో 0.1 శాతం, గది ఉష్ణోగ్రతలో దాదాపు శూన్యం. స్పట్టరింగ్‌లో మాత్రం పరమాణువులు పలక మీద పడ్డ క్షణంలోనే చల్లారిపోతాయి. సర్దుకోవడానికి టైమ్ ఉండదు కాబట్టి నైట్రోజన్ ఇనుము స్ఫటికం సందుల్లో బలవంతంగా ఇరుక్కుంటుంది. స్ఫటికం ఉబ్బుతుంది. పెరుగుతున్న గ్రెయిన్‌కు నైట్రోజన్ అడ్డం పడుతుంది. సందుల్లో చోటు దొరకనిది గ్రెయిన్ల అంచుల్లో చేరి వాటిని ఎదగనివ్వదు. కొయెర్సివిటీ తగ్గింది ఇందుకు.

నైట్రోజన్ ఇంకా పెంచితే అది సందుల్లో సర్దుకోక సొంత స్ఫటికాలు కట్టడం మొదలుపెడుతుంది. నాలుగు ఇనుములకు ఒక నైట్రోజన్ ఉండే గామా ప్రైమ్ ముందు వస్తుంది. నీ కొత్త శిఖరాలు 41.2, 47.9 డిగ్రీల దగ్గర ఉంటే అదే. ఇంకా పెంచితే షట్కోణాకారపు ఎప్సిలాన్, చివరికి రెండు ఇనుములకు ఒక నైట్రోజన్ ఉండే జీటా. ఈ జీటా గది ఉష్ణోగ్రతలో అయస్కాంతానికి అంటుకోదు. ఇలా రెండు మూడు రకాల స్ఫటికాలు కలగలిసిన పొరలో డొమైన్ గోడ (వేర్వేరు వైపులకు అయస్కాంతీకరణ ఉన్న ప్రాంతాల మధ్య సరిహద్దు) అడుగడుగునా ఆగుతుంది, కొయెర్సివిటీ మళ్లీ లేస్తుంది. సంతృప్త అయస్కాంతీకరణ, అంటే పొర ఇవ్వగల గరిష్ఠ అయస్కాంతత్వం, కూడా పడిపోతుంది.

శిఖరం జరగడం గురించి ఒక హెచ్చరిక. 44.7 నుంచి 44.3కి జరిగిందంటే స్ఫటిక తలాల మధ్య దూరం సుమారు 0.9 శాతం పెరిగిందన్నమాట. అదంతా నైట్రోజన్ ఖాతాలో వేసెయ్యకు. స్పట్టర్ చేసిన పొరలో సంపీడన ఒత్తిడి ఉంటే పొర పక్కలకు నొక్కుకుని పైకి ఉబ్బుతుంది. మామూలు స్కాన్ పైకి ఉబ్బిన దూరాన్నే కొలుస్తుంది. పలకను వేర్వేరు కోణాల్లో వంచి అదే శిఖరాన్ని మళ్లీ తీస్తే ఏది నైట్రోజన్ వాటా, ఏది ఒత్తిడి వాటా అనేది తేలుతుంది. ఆ ఒత్తిడి కొయెర్సివిటీ మీద కూడా పనిచేస్తుంది, ఎందుకంటే ఇనుము అయస్కాంతీకరణతో పాటు కొద్దిగా సాగుతుంది, ముడుచుకుంటుంది. నైట్రోజన్ చేరేకొద్దీ ఈ సాగుడు గుణం విలువ, గుర్తు కూడా మారుతాయి. అది సున్నా దాటే చోట పొర ఒత్తిడిని పట్టించుకోదు. నీ కనిష్ఠ కొయెర్సివిటీకి గ్రెయిన్ ఒక్కటే కారణం కాకపోవచ్చు అని వైవాలో నువ్వే ముందు చెప్పు. అడిగేవాళ్లకు అడగడానికి ఇంకేం మిగలదు.

మీ గైడ్ గారితో వాదన పెట్టుకోకు. "నైట్రోజన్ ఎఫెక్ట్" అన్న శీర్షిక కింద ఇదంతా రాయి, ఆయనే సంతోషిస్తారు. ఒకటి మాత్రం చెయ్యి. గ్రాఫ్ అడ్డ గీత మీద గ్యాస్ శాతం వెయ్యకు. ఛాంబర్‌కు ఛాంబర్‌కూ, పంపుకు పంపుకూ ఆ శాతం అర్థం మారిపోతుంది. గ్రెయిన్ సైజు వెయ్యి, వీలైతే పొరలో నిజంగా దిగిన నైట్రోజన్ వెయ్యి. ఇంకో ఊళ్లో ఇంకొకరు నీ ఫలితంతో పోల్చుకోగలిగేది అప్పుడే.

ప్రశ్న: అమ్మా, నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, కంచరపాలెంలో ఉంటాను. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ రేకుల్లో గ్రెయిన్ ఎంత పెద్దదైతే అంత మంచిదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. మీరేమో చిన్నదైతే మంచిదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: అన్నయ్యగారూ, ఈ నెలలో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదే. ఇద్దరి మాటా నిజమే. మీ సీఆర్‌జీఓ (గ్రెయిన్ల దిశ సరిచేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఉక్కు) రేకులో గ్రెయిన్లు కంటికి కనిపించేంత పెద్దవి, మిల్లీమీటర్లలో ఉంటాయి. పైగా రోలింగ్‌తో వాటన్నింటి సులువు దిశనూ ఒకే వైపుకు తిప్పి పెడతారు. అక్కడ డొమైన్ గోడ నడిచే దారిలో అడ్డం వచ్చేవి గ్రెయిన్ల సరిహద్దులే. గ్రెయిన్ పెద్దదైతే సరిహద్దులు తగ్గుతాయి, నష్టం తగ్గుతుంది. గ్రెయిన్‌ను మిల్లీమీటర్ల నుంచి మైక్రాన్లకు దించుతూ వస్తే కొయెర్సివిటీ పెరుగుతూ పోతుంది. సుమారు 100 నానోమీటర్ల చుట్టుపక్కల అది శిఖరానికి చేరుతుంది. అక్కడి నుంచి ఇంకా కిందికి దిగితే, పైన ఆ అమ్మాయికి చెప్పిన రద్దు మొదలై నిట్టనిలువుగా పడిపోతుంది. హెర్జర్ గీసిన గ్రాఫ్ ఒక కొండలా ఉంటుంది. మీరు ఈ పక్క లోయలో, మేము ఆ పక్క లోయలో.

మందపాటి పొరల్లో, వేడిచేసిన పొరల్లో గ్రెయిన్లు ఆ మధ్య సైజుకు పెరిగిపోవడమే మాకున్న బాధ. 1988లో జపాన్‌లో హిటాచీ మెటల్స్‌కు చెందిన యోషిజావా, ఒగుమా, యమౌచీ ఇనుము-సిలికాన్-బోరాన్‌లో కాస్త రాగి, నియోబియం వేసి, 10 నానోమీటర్ల గ్రెయిన్లతో ఫైన్‌మెట్ రేకు తెచ్చారు. అది ట్రాన్స్‌ఫార్మర్లలోనూ వాడుతున్నారు. కాబట్టి మీ శాఖవాళ్లు కూడా కొండ దాటి మా పక్కకు కొంత వచ్చినట్టే.

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాకు చిన్న మెషిన్ షాపు ఉంది. గేర్లు, షాఫ్టులు నైట్రైడింగ్‌కి పంపిస్తాం. మీరు చెప్పే ఐరన్ నైట్రైడ్ అదేనా? నైట్రైడింగ్ అయ్యాక ఆ గేర్ అయస్కాంతానికి అంటుకోదా?

జవాబు: అదేనండి. అమ్మోనియా వాయువులో 500 నుంచి 570 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచితే, ఉపరితలం మీద అమ్మోనియా విడిపోయి నైట్రోజన్ ఉక్కులోకి దిగుతుంది. మీవాళ్లు వైట్ లేయర్ అనేది గామా ప్రైమ్, ఎప్సిలాన్ కలిసిన పొర. గామా ప్రైమ్ మంచి అయస్కాంతమే, ఇనుముకు కాస్త తక్కువ, అంతే. గేర్ నిక్షేపంగా అంటుకుంటుంది.

మీ పనికీ నా పనికీ ఇంకో చుట్టరికం కూడా ఉంది. నైట్రైడింగ్ ఉక్కులో క్రోమియం, అల్యూమినియం ఎందుకుంటాయి? అవి ఇనుముకన్నా ముందే నైట్రోజన్‌ను పట్టుకుని అతిసన్నని నైట్రైడ్ రేణువులు కడతాయి, ఉక్కు గట్టిపడుతుంది. మేము పొరల్లో టాంటలమ్, జిర్కోనియం, టైటానియం, హాఫ్నియం వేస్తాం. ఒట్టి ఇనుము-నైట్రోజన్ పొరను 200, 300 డిగ్రీలకు వేడిచేస్తే నైట్రోజన్ కదులుతుంది, గ్రెయిన్లు పెరుగుతాయి, మృదుత్వం పోతుంది. టాంటలమ్ ఉంటే నైట్రోజన్ దాన్ని వదలదు, గ్రెయిన్ల అంచుల్లో ఆ జంట నిలబడి గ్రెయిన్‌ను పెరగనివ్వదు. ఇనుము-టాంటలమ్-నైట్రోజన్ పొరల్లో 1 ఒయెర్‌స్టెడ్ కన్నా తక్కువ కొయెర్సివిటీ, 1.6 నుంచి 2 టెస్లా (అయస్కాంతత్వాన్ని కొలిచే యూనిట్) దాకా సంతృప్తత సాధించారు. మీకు కావలసింది కాఠిన్యం, మాకు కావలసింది మృదుత్వం. లోపల జరిగే పని మాత్రం ఒక్కటే.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి రాస్తున్నాను. 2025లో చైనా రేర్ ఎర్త్ అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాక, ఐరన్ నైట్రైడ్‌తో రేర్ ఎర్త్ అవసరంలేని అయస్కాంతాలు వచ్చేస్తున్నాయని వీడియోలు చూస్తున్నాను. ఇనుముకన్నా బలమైనదట, 2.9 టెస్లా అట. నిజమేనా? అలాంటి కంపెనీల షేర్లు కొనొచ్చా?

జవాబు: షేర్ల సంగతి నన్ను అడక్కండి సార్. టెస్లా సంగతి చెబుతాను.

పదహారు ఇనుములకు రెండు నైట్రోజన్లుండే స్ఫటికం ఒకటుంది, ఆల్ఫా డబుల్ ప్రైమ్ అంటారు. దాని నిర్మాణాన్ని 1951లో బ్రిటన్‌లో కె.హెచ్. జాక్ చెప్పాడు. 1972లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో కిమ్, తకహాషి నైట్రోజన్‌లో ఇనుమును ఆవిరిచేసి వేసిన పొరలో 2.58 టెస్లా వచ్చిందన్నారు. స్వచ్ఛమైన ఇనుముకు 2.15. ఇనుము-కోబాల్ట్ మిశ్రమానికి సుమారు 2.4, మామూలు మిశ్రమ లోహాల్లో అదే హద్దని అందరూ నమ్మేవారు. అందుకే గోల మొదలైంది. 1991లో హిటాచీలో సుగిటా బృందం ఏకస్ఫటిక పొరలు పెంచి 2.9 దాకా చెప్పింది. చాలా ల్యాబులు అదే ప్రయత్నం చేసి 2.3 చుట్టుపక్కలే ఆగిపోయాయి. తర్వాత అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జియాన్-పింగ్ వాంగ్ బృందం ఆ వాదనను మళ్లీ లేపింది. నైరాన్ మాగ్నెటిక్స్ అనే కంపెనీ అక్కడి నుంచి పుట్టిందే.

ఇంత తేడా ఎలా వస్తుందని మీరు అడగాలి. పరికరం కొలిచేది టెస్లాను కాదు, పొర మొత్తం అయస్కాంత భ్రామకాన్ని. దాన్ని ఘనపరిమాణంతో భాగిస్తేనే టెస్లా వస్తుంది. పొర మందం 10 శాతం తక్కువగా కొలిచారనుకోండి, మామూలు ఇనుమే 2.39 టెస్లాగా తేలుతుంది. పైగా పొరలో ఆ స్ఫటికం ఒక్కటే ఉండదు, పక్కన ఇనుము ఉంటుంది. ఏది ఎంత పాలు ఉందన్నది ఎక్స్-రే నుంచి అంచనా వేయాలి. రెండు అంచనాల మీద నిలబడ్డ అంకెను పత్రికలో పెద్దక్షరాలతో వేస్తారు. నా అభిప్రాయం అడిగితే, ఇనుముకన్నా కాస్త ఎక్కువ అంటే ఒప్పుకుంటాను. 2.9ని మాత్రం మందం ఎలా కొలిచారో చదివాకే నమ్ముతాను.

ఇంకో సంగతి వీడియోల్లో చెప్పరు. శాశ్వత అయస్కాంతానికి సంతృప్తత ఒక్కటే చాలదు, కొయెర్సివిటీ భారీగా కావాలి. ఆల్ఫా డబుల్ ప్రైమ్‌కు ఒకే దిశ పట్టు బాగానే ఉంది గానీ నియోడిమియం అంత లేదు. 200 డిగ్రీలు దాటితే అది ఇనుముగా, గామా ప్రైమ్‌గా విడిపోవడం మొదలవుతుంది. కాబట్టి పొడిని గట్టి దిమ్మగా కాల్చి చేసే మామూలు పద్ధతి దీనికి పనికిరాదు. పరిశోధన విలువైనదే. రేపే మీ స్కూటర్ మోటారులోకి రాదు. మన విశాఖలోనే అచ్యుతాపురం వైపు బార్క్ (అణు పరిశోధన కేంద్రం) ఆవరణలో ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్ల రేర్ ఎర్త్ అయస్కాంతాల ప్లాంటు ఉంది, 2023 మే 11న జాతికి అంకితం చేశారు. అక్కడ చేసేది సమేరియం-కోబాల్ట్. అయస్కాంతాల వార్తల కోసం అంత దూరం చూసేవాళ్లు దీని గురించీ తెలుసుకుంటే బాగుంటుంది.

ప్రశ్న: సింహాచలం నుంచి. మా అబ్బాయి ఈ పొరల మీదే పీహెచ్‌డీ చేస్తానంటున్నాడు. ఇవి అసలు ఏ వస్తువులో ఉంటాయి మేడమ్?

జవాబు: 1990లలో వీటి మీద పరుగంతా హార్డ్ డిస్క్ రాసే తలల కోసం. డిస్క్ మీద బిట్లు చిన్నవయ్యేకొద్దీ వాటిని తిప్పడానికి తల నుంచి ఎక్కువ క్షేత్రం రావాలి. పాత పర్మలాయ్‌కి (నికెల్-ఇనుము మిశ్రమం) 1 టెస్లాయే. ఇనుము-నైట్రోజన్ మిశ్రమాలు 2 టెస్లా దగ్గరికి వచ్చాయి. కానీ చివరికి పరిశ్రమ విద్యుత్ పూతతో వేసే 2.4 టెస్లా ఇనుము-కోబాల్ట్ వైపు వెళ్లింది. ఇప్పుడు ఆసక్తి చిప్ మీదే కట్టే చిన్న ఇండక్టర్ల మీద, ఫోన్లలో రేడియో గోలను మింగే పొరల మీద ఉంది. అక్కడ గిగాహెర్ట్జ్‌లో కూడా పొర స్పందించాలి. సంతృప్తత 2 టెస్లా, ప్రేరిత అనిసోట్రోపీ 20 ఒయెర్‌స్టెడ్ ఉన్న పొర అనునాదం సుమారు 1.8 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, పర్మలాయ్‌కు అందని చోటు అది. బాబు చేస్తానంటే చెయ్యనివ్వండి. అయస్కాంతాల ఉద్యోగం దొరక్కపోయినా వాక్యూమ్ సిస్టమ్ విప్పి బిగించడం వచ్చినవాడు ఖాళీగా కూర్చోడు.

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను, మా ల్యాబ్ బీచ్‌కి దగ్గర. వర్షాకాలంలో వేసిన పొరలు వారం తిరక్కుండా మచ్చలు పడుతున్నాయి, కొన్ని అంచుల దగ్గర లేచిపోతున్నాయి. వీఎస్‌ఎమ్‌లో (శాంపిల్‌ను కంపింపజేసి అయస్కాంతత్వం కొలిచే పరికరం) కొయెర్సివిటీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. ఎక్స్-రేలో అడుగున గోల ఎక్కువ. ఏం చేయాలి?

జవాబు: నాలుగు రోగాలు కలిపి రాశావు నాయనా, ఒక్కొక్కటి చూద్దాం.

మచ్చలు గాల్లోంచి మాత్రమే రావు, ఛాంబర్ లోంచే మొదలవుతాయి. 10 మైనస్ 6 టార్ ఒత్తిడిలో కూడా ఒక సెకనులో దాదాపు ఒక పరమాణు పొరకు సరిపడా వాయువు పలకను తాకుతుంది. నీ పొర సెకనుకు ఒక పరమాణు పొరో రెండో పెరుగుతుంటే, మిగిలిన తేమ వాటా ఎంతో నువ్వే లెక్కేసుకో. ఆగస్టులో ఛాంబర్ తెరిచి టీకి వెళ్లొస్తే గోడలు నీళ్లు తాగేస్తాయి. ఛాంబర్‌ను గాలితో కాక పొడి నైట్రోజన్‌తో నింపి తెరువు, వెంటనే మూసెయ్యి, గోడలు వెచ్చజేసి రాత్రంతా పంపు నడపనివ్వు. సిలిండర్ నుంచి వచ్చే నైట్రోజన్ స్వచ్ఛత కూడా అడుగు. తడి నైట్రోజన్‌తో వేసేది నైట్రైడ్ కాదు, ఆక్సైడ్ కలిసిన కిచిడీ. పొర పైన కొన్ని నానోమీటర్ల టాంటలమ్ మూత వెయ్యి. పలకలను చేత్తో పట్టుకోకు, వేలి చెమటలోని ఉప్పు మన ఊరి గాలికన్నా ముందు పనిచేస్తుంది. డెసికేటర్‌లో సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందేమో చూడు, చాలా ల్యాబుల్లో అది ఏడాదంతా గులాబీగానే ఉంటుంది.

లేచిపోవడం ఒత్తిడి పని. తక్కువ ఆర్గాన్ పీడనంలో స్పట్టర్ చేస్తే సంపీడనం ఎక్కువ. పీడనం కొంచెం పెంచితే అది తగ్గుతుంది. మరీ పెంచితే పొర స్తంభాలుగా, సందులతో పెరుగుతుంది, తేమకు దారి దొరుకుతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలో నీ ఛాంబరే చెప్పాలి. పొర కింద పలుచగా టాంటలమ్ లేదా క్రోమియం వేస్తే అతుకు బాగుంటుంది. పొర మందం అవసరానికి మించి పెంచకు, మందంతో పాటు లేచిపోయే గుణమూ పెరుగుతుంది.

ఎక్స్-రే గోలకు కారణం రాగి గొట్టం. రాగి కిరణాలు ఇనుమును రెచ్చగొట్టి దాని చేత సొంత ఎక్స్-రేలు వెదజల్లిస్తాయి. డిటెక్టర్ ముందు మోనోక్రోమేటర్ ఉంటే పెట్టు, లేదంటే కోబాల్ట్ గొట్టమున్న చోటుకు శాంపిల్ తీసుకెళ్లు.

కొయెర్సివిటీ సంగతి అన్నింటికన్నా ముఖ్యం. వీఎస్‌ఎమ్ విద్యుదయస్కాంతానికి ఇనుప ధ్రువాలుంటాయి. కరెంటు సున్నా చేసినా వాటిలో కొన్ని ఒయెర్‌స్టెడ్‌ల క్షేత్రం మిగిలి ఉంటుంది. నువ్వు కొలవబోయేది 1 ఒయెర్‌స్టెడ్ అయితే, మిగిలిపోయిన ఆ క్షేత్రమే నీ ఫలితాన్ని మింగేస్తుంది. కరెంటును బట్టి కాక, శాంపిల్ పక్కన పెట్టిన హాల్ ప్రోబ్ చూపే క్షేత్రాన్ని బట్టి లూప్ (క్షేత్రం మారేకొద్దీ అయస్కాంతత్వం ఎలా మారిందో చూపే వలయపు గ్రాఫ్) గియ్యి. లూప్ రెండు వైపులా సున్నా దాటే చోట్లు చూసి, మధ్య వెడల్పులో సగం తీసుకో. క్షేత్రం 5 ఒయెర్‌స్టెడ్‌ల అంగలతో మారుతుంటే 1 ఒయెర్‌స్టెడ్ విలువ రాయడం నవ్వులాట, సున్నా దగ్గర అంగ బాగా తగ్గించు. నిజంగా మృదువైన పొరకు హెల్మ్‌హోల్ట్జ్ తీగచుట్టలతో చేసే లూప్ ట్రేసర్ కానీ, కాంతితో చూసే కెర్ పరికరం కానీ మేలు. వాటిలో ఇనుప ధ్రువాల బెడద ఉండదు. పలకను తలంలోనే 90 డిగ్రీలు తిప్పి ఇంకో లూప్ కూడా తియ్యి. రెండూ వేరుగా ఉంటే నీ పొరలో సులువు దిశ ఒకటి ఏర్పడిందన్నమాట, ఒక్కోసారి ఒక్కో విలువ రావడానికి అదే కారణం కావచ్చు. ప్రతిసారీ పలకను ఏ వైపు పెట్టావో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నావా? లేకపోతే మూలన డైమండ్ పెన్సిల్‌తో చిన్న బాణం గీసి, కొత్త లూపులు తీసి పంపు. పొర మందం, క్షేత్రం అంగ రెండూ పక్కన రాయడం మరచిపోకు.